రబ్బరమ్మ స్పందించడం లేదు

ఆ పేరు పెట్టడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పని మొదలుపెట్టాలంటే ముందు ఒక ఫోల్డరు తెరవాలి. ఫోల్డరు తెరవాలంటే కంప్యూటరు పేరు అడుగుతుంది. పేరు చెప్పందే అడుగు ముందుకు వెయ్యనివ్వదు. ఆ రోజు కీబోర్డు ముందు కూర్చున్నవాడు గడ్డం. అసలు పేరు వేరే ఉన్నా ఆఫీసులో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. బస్సు డిపోలో డ్రైవర్లకి డ్యూటీ చార్టు వేసే సాఫ్ట్‌వేరు చెయ్యాలి వాళ్ళు. అంతకు ముందురోజే అతనూ, అతనితో పనిచేసే కామా కలిసి డిపోకి వెళ్ళి, ఆ చార్టుని చేత్తో వేసే క్లర్కు పక్కన పూటంతా కూర్చుని వచ్చారు. క్యాంటీన్లో టీ తాగుతున్నప్పుడు డ్రైవర్లు ఆవిడని ‘రబ్బరమ్మ’ అనుకోవడం గడ్డం చెవిన పడింది. పెన్సిలుతో రాసిందల్లా రబ్బరుతో చెరిపి మళ్ళీ రాస్తూ ఉంటుందని ఆ పేరట.

“ప్రస్తుతానికి ఇది కొట్టేస్తా. తర్వాత మార్చుకుందాంలే,” అన్నాడు గడ్డం.

పక్కనున్న కామా నవ్వింది.

కామా అన్నదీ అసలు పేరేం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎక్కడో ఒక కామా ఎక్కువ పెట్టి నాలుగు వందలమంది పిల్లల మార్కుల్ని పక్క సబ్జెక్టులోకి జరిపేసింది. అది జరిగి పదకొండేళ్ళయింది. ఆమె కంపెనీ మారింది, ఆ పేరు కూడా వెనకాలే వచ్చి చేరింది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక సోమవారం పొద్దున ఆరు గంటలకి, డిపోలో డ్యూటీ ఎక్కే డ్రైవర్లు హాజరు వేయించుకోవడానికి వరసలో నిలబడి ఉండగా, కిటికీ పైన కొత్తగా బిగించిన పెద్ద తెర మీద చార్టు మాయమై తెల్లటి పెట్టె ఒకటి వచ్చింది. దాంట్లో పెద్ద పెద్ద అక్షరాలు.

రబ్బరమ్మ స్పందించడం లేదు.

దాని కింద రెండు బటన్లు. ఆపేయి. వేచి ఉండు.

వరసలో ముందున్నవాడు తలెత్తి చూసి, పక్కవాడిని మోచేత్తో పొడిచాడు. వెనకున్న పొట్టి డ్రైవరు గట్టిగా చదివాడు. “రబ్బరమ్మ స్పందించడం లేదట.”

“ఎప్పుడు స్పందించింది గనక,” అన్నారెవరో.

“ఆపేయమంటారా అని అడుగుతోంది. ఆపేద్దామా?”

హాలంతా నవ్వు. చెడ్డ నవ్వని కాదు, పొద్దున్నే లేచి వచ్చిన మనుషులకి దొరికిన మొదటి నవ్వు. మూల బల్ల దగ్గర ల్యాప్‌టాపు పెట్టుకుని కూర్చున్న కామా మాత్రం నవ్వలేదు. ఆ పేరు లోపలి పేరు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమలో తాము అనుకునే పేరు. అది గోడ మీదకి ఎలా ఎక్కిందో ఆమెకి అంతుపట్టలేదు. గబుక్కున ‘వేచి ఉండు’ మీద నొక్కింది. పెట్టె ఒక్క క్షణం పోయి మళ్ళీ వచ్చింది.

కిటికీ వెనక నుంచి చార్టు క్లర్కు లేచింది. యాభై దాటిన మనిషి. కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని, పక్క తలుపులోంచి హాల్లోకి వచ్చి, డ్రైవర్ల మధ్య నిలబడి తల పైకెత్తి చూసింది. ఆ రెండు బటన్లతో సహా ఒక్కొక్క అక్షరం చదివింది. నవ్వు దానంతటదే అణిగిపోయింది. ఆవిడ వెనక్కి వెళ్ళి కూర్చుని, “తర్వాతెవరు?” అని అడిగింది.

కామా తెర తీగ పీకేసింది. అంతకన్నా ఏం చెయ్యాలో ఆ క్షణాన తోచలేదు.

*

మేనేజరు ఫోను చేసేసరికి తొమ్మిదయింది. అప్పటికే డిపో నుంచి ఎవరో ఫొటో పంపేశారు.

“ఆ పేరు బయటికెలా వచ్చింది?”

“లోపలి పేరు సార్. ప్రోగ్రాము బిగుసుకుపోతే కంప్యూటరు దాన్నే చూపిస్తుంది. మేము గమనించలేదు.”

“గురువారం ప్రారంభం. హెడ్డాఫీసు నుంచి పెద్దాయన వస్తున్నాడు. ఈలోపు ఆ పేరు ఎక్కడా కనపడకూడదు. అర్థమైందా? ఎక్కడా.”

“మారుస్తాను సార్. ఏ పేరు పెట్టమంటారు?”

“రేపు మీటింగులో తేలిపోతుంది.”

ఆ మాట వినగానే ఆమెకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పేరు కోసం రెండు నెలలుగా మీటింగులు జరుగుతున్నాయి. సాఫ్ట్‌వేరులో లోపాల జాబితా పంపితే ‘చూద్దాం’ అని ఒక్క ముక్కలో జవాబిచ్చే మనుషులు, పేరు అనేసరికి గంటలకి గంటలు కూర్చుంటారు. ప్రోగ్రాము గురించి మాట్లాడాలంటే తెలిసుండాలి. పేరు గురించి మాట్లాడడానికి ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు.

మంగళవారం మీటింగుకి ఐదుగురు వచ్చారు. ప్రచారం చూసే ఆవిడ నలభై ఒక్క పేర్ల జాబితా తెచ్చింది. ‘సారథి’ అందరికీ నచ్చింది గానీ, రవాణా శాఖలోనే అప్పటికి మూడు సారథులు ఉన్నాయట. ఒకటి టైర్లు లెక్కపెడుతుంది, ఒకటి సెలవులు చూస్తుంది, మూడోది ఏం చేస్తుందో ఎవరికీ తెలీదు. ‘వేగ’ అంటే డ్రైవర్లని తొందరపెట్టినట్టు ఉంటుందని డిపో వాళ్ళు ఒప్పుకోలేదు. ‘గమన’ బాగుంది అనుకునేలోపు, తన పక్కింటివాళ్ళ భాషలో దానికి దగ్గరగా ఒక బూతుమాట ఉందని గడ్డం చెప్పాడు. ‘సమయపాలిని’ బటన్లో పట్టదు. ‘క్షేమ’ దగ్గుమందులా ఉంది.

“పేరులో ఒక ధీమా ఉండాలి. ఒకసారి చార్టు వచ్చిందంటే ఇక తిరుగులేదు, సిఫార్సుల్లేవు, చెరపడాల్లేవు. అది కదా మన గొప్ప,” అన్నాడు మేనేజరు.

“నిశ్చయ,” అంది ప్రచారం ఆవిడ.

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రెండు నెలల్లో మొదటిసారి ఎవరికీ అభ్యంతరం దొరకలేదు. మేనేజరు ఊపిరి పీల్చుకుని చేతులు రుద్దుకున్నాడు.

“సార్, నిన్న బిగుసుకుపోయిన సంగతి…” అంది కామా.

“పేరు మార్చేశాక చూద్దాం.”

ఆమె తన బల్ల దగ్గరకొచ్చి పాత పేరుని వెతికించింది. ఆరు వందల పన్నెండు చోట్ల ఉంది. ఎనిమిది నెలల్లో రాసిన ప్రతి ముక్కలోనూ అది పాతుకుపోయింది. కొన్నిచోట్ల పేరుగానే ఉంది. కొన్నిచోట్ల గడ్డం సరదాకి రాసిన వ్యాఖ్యలున్నాయి. ‘రబ్బరమ్మ ఇక్కడ అలుగుతుంది, జాగ్రత్త.’ ‘రబ్బరమ్మని ముందు చంపి తర్వాత లేపాలి.’ ప్రోగ్రాములు రాసేవాళ్ళ మధ్య ఇవి మామూలు మాటలు. ఆగిపోయినదాన్ని చంపుతారు, మళ్ళీ లేపుతారు. నిన్న పొద్దున ఆ మనిషి తలెత్తి అక్షరం అక్షరం చదవడం చూశాక మాత్రం కామాకి ఒక్కొక్క లైనూ ఆవిడ గురించే రాసినట్టు అనిపిస్తోంది.

గడ్డం వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. “అన్నీ ఒక్కసారే మార్చెయ్యొచ్చుగా. ఒక్క ఆజ్ఞతో పోతాయి.”

“ఇందాక చేసి చూశా. సగం పోయి సగం ఉంటే ఒకదాన్నొకటి గుర్తుపట్టడం మానేశాయి. డిపోలో ఉన్న కంప్యూటరు ఇంకా పాత పేరుతోనే వెతుకుతోంది. ఒక్కొక్కటీ చేత్తో మార్చుకుంటూ రావాలి.”

“తర్వాత మారుద్దాం అన్నాం కదా అప్పుడు,” అన్నాడు గడ్డం, తప్పు ఎవరిదో అన్నట్టు.

“అన్నాం.”

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర ఆమె మొహం చూసి భర్త, “ఏమైంది?” అన్నాడు. చెప్పింది. కూతురు కంచంలో గీతలు గీస్తూ వింది. అత్తగారు ఆసుపత్రి నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. అంతా విని చెయ్యి కడుక్కుని వచ్చింది.

“మా వార్డులో రోగుల్ని మంచం నంబరుతో పిలిచేవాళ్ళం. ఏడో నంబరు, పదో నంబరు, అలా. సులువు. ఒకరోజు గోడలకి సున్నాలు వేస్తారని మంచాలు అటూ ఇటూ జరిపారు. ఏడో మంచానికి చెయ్యాల్సిన ఇంజక్షను వేరేవాడికి చేసేశాను.”

“చచ్చిపోయాడా?” అంది మనవరాలు, కళ్ళు పెద్దవి చేసి.

“లేదే. మూడు రోజులు హాయిగా నిద్రపోయాడు. వాళ్ళావిడ వచ్చి నన్ను మెచ్చుకుంది, ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేడని.” భర్త నవ్వాడు. అత్తగారు నవ్వలేదు. “ఆ తర్వాత మంచం దగ్గరికెళ్ళి ముందు పేరు అడిగేదాన్ని. అడిగితే నిమిషం ఎక్కువ పడుతుంది. మీ వాళ్ళెవరైనా ఆవిడని ఏమైనా అడిగారా?”

కామా మజ్జిగ గ్లాసు అక్కడే పెట్టేసింది. అడగలేదు. ఎనిమిది నెలలూ ఆవిడని చూశారు, లెక్కపెట్టారు, రాసుకున్నారు. అడగలేదు.

*

బుధవారం డిపోకి వెళ్ళినప్పుడు క్షమాపణ చెప్పాలని దారంతా మాటలు కూర్చుకుంది. కిటికీ వెనక గదిలోకి వెళ్ళేసరికి అవన్నీ ఎగిరిపోయాయి. “మేడమ్, సోమవారం జరిగింది…” అని నీళ్ళు నమిలింది.

“కూర్చోండి,” అంది క్లర్కు, తలెత్తకుండా.

బల్ల కన్నా పెద్ద కాగితం. నిలువు గీతలు ఎర్రవి, అడ్డ గీతలు నీలివి. గడి గడికీ పెన్సిలుతో సన్నటి అంకెలు. ఆవిడ ఎడం చేత్తో స్కేలు అదిమిపట్టి కుడిచేత్తో రాస్తోంది. కామా పేరు మార్పులు చేసుకుంటూ అక్కడే కూర్చుంది.

కిటికీ దగ్గరికి మనుషులు వస్తూ ఉన్నారు.

“అమ్మా, శుక్రవారం మా అమ్మకి కళ్ళు చూపించాలి.” ఆవిడ ఒక గడి చెరిపింది. ఇంకో గడి చెరిపింది. రెండూ మార్చి రాసింది. “మధ్యాహ్నం మూడింటికల్లా రా,” అంది.

“మేడమ్, ఆ కొండ రూటు వారంలో రెండోసారి పడింది. నడుం పట్టేస్తోంది.” చెరిపింది. రాసింది.

ఒకతను ఏమీ అడగలేదు. ఊరికే కిటికీ ముందు నిలబడి బుర్ర గోక్కున్నాడు. ఆవిడ అతని మొహంలోకి చూసి, “మళ్ళీ గొడవ పడ్డారా?” అంది. అతను తల ఊపాడు. “ఇద్దరినీ ఒక బస్సు మీద వెయ్యను, పో.” నాలుగు గడులు చెరిపింది.

చెరిపిన పొడి కాగితం మీద కుప్పపడితే చిన్న బ్రష్షుతో అంచుకి తోసి, అంచు నుంచి అరచేతిలోకి దులుపుకుని బుట్టలో వేస్తోంది. కామా పాత నోటుబుక్కు తీసింది. ఎనిమిది నెలల కిందట ఇదే కుర్చీలో కూర్చుని తను రాసుకున్న పేజీ. ‘పదే పదే చెరుపుతారు. రోజుకి ముప్పై ఒక్క తప్పులు. సాఫ్ట్‌వేరు వస్తే ఇవి సున్నా అవుతాయి.’ ఆ ముక్కే తర్వాత రిపోర్టులోకి ఎక్కింది. మేనేజరు ఆ అంకెని ఎర్ర రంగులో వేయించి పెద్దాఫీసరుకి చూపించాడు.

“ముప్పై ఒకటేనా రాశారు?” అంది క్లర్కు. ఆవిడ ఎప్పుడు ఇటు తిరిగిందో కామా చూసుకోలేదు. “ఆ రిపోర్టు నాకూ ఒక కాపీ ఇచ్చారులెండి. ఆ రోజు పని తక్కువగా ఉన్నట్టుంది.”

కామా నోటుబుక్కు మూసేసింది. “నాకు తెలీక రాశాను మేడమ్. ఆ పేరు కూడా… అది ఎగతాళికి పెట్టింది కాదు. కాదు, ఎగతాళికే పెట్టాం. రేపటికి తీసేస్తున్నాం.”

“ఆ పేరు నాకు పద్దెనిమిదేళ్ళ నించి తెలుసు. కిటికీ ఇవతల కూర్చున్నంత మాత్రాన చెవులు పనిచెయ్యవా? వాళ్ళు అనుకోనీ. పనికొచ్చి అనుకుంటారు, పని కాక అనుకుంటారు.” ఆవిడ సొరుగు తెరిచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచింది. సోమవారం హాలు గోడకి అంటించిన ట్రయలు చార్టు. వచ్చే వారానికి సాఫ్ట్‌వేరు వేసినది. “ఇది చూడండి. కింద.”

అడుగున చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంది. తయారీ: రబ్బరమ్మ.

“మా పొడుగు డ్రైవరు నిన్న ఇది పీక్కొచ్చి నా ముందు పడేశాడు. అతనికి రాత్రి తొమ్మిదిన్నరకి దిగే డ్యూటీ వేసి, మర్నాడు పొద్దున ఐదున్నరకి ఎక్కమంది మీది.”

కామా లెక్క చూసుకుంది. “మధ్యలో ఎనిమిది గంటలుంది మేడమ్. రూలు అదే కదా.”

“అతని ఇల్లు ఊరవతల. పోను గంటన్నర, రాను గంటన్నర. అన్నం తినాలి, స్నానం చెయ్యాలి. నిద్రకి ఎంత మిగిలింది? నిద్ర లేకుండా వెనకాల యాభైమందిని కూర్చోబెట్టుకుని కొండ దిగాలా?” ఆవిడ గొంతు పెరగలేదు. వేలు మాత్రం ఆ అడుగు లైను మీద ఉంది. “‘మీరే వేశారుగా, కింద పేరుంది’ అన్నాడు. ఇరవై రెండేళ్ళలో నేను ఇలాంటి చార్టు వెయ్యలేదు. నన్ను ఏమని పిలుచుకున్నా నాకు బాధ లేదమ్మాయ్. ఈ కాగితం కింద నన్ను పెట్టారు చూడు, అదీ నాకు బాధ.”

‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది. ఎందుకో అది కామాకి ఊరటగా తోచింది.

“దీన్ని మార్చడానికి లేదా?” అని అడిగింది క్లర్కు.

“లేదు. చార్టు ఒకసారి లాక్ అయ్యాక ఎవరూ మార్చకూడదని… కావాలనే అలా చేశాం.”

“నా పేరు పెట్టి, రబ్బరు తీసేశారన్నమాట.”

కామా చార్టుని తన వైపు తిప్పుకుని అంది, “కింద ఆ లైను తీసేస్తాను మేడమ్. ‘నిశ్చయ’ అని వస్తుంది.”

“ఎవరది?”

“సాఫ్ట్‌వేరు పేరు.”

“దాన్ని పోయి అడుగుతారా డ్రైవర్లు, నాకెందుకు ఇలా వేశావని? రేపు ఏ డ్రైవరైనా కునుకు తీస్తే అదొచ్చి జవాబు చెబుతుందా? కింద మనిషి పేరు ఉండాలి. నేను మార్చగలిగేటట్టు చెయ్యి, నా అసలు పేరే పెట్టు. మార్చడానికి లేదంటే మాత్రం నా పేరు ఏ రూపంలోనూ వద్దు.”

కామా పెన్ను తీసి, ఆగిపోయింది. ఆవిడ అసలు పేరు ఆమెకి తెలీదు. రిపోర్టులో ‘క్లర్కు’ అని రాసింది, ప్రోగ్రాములో ఆరు వందల పన్నెండు చోట్ల ఇంకోటి రాసింది. తలెత్తేసరికి క్లర్కు ఆమె మొహం చూసి సంగతి గ్రహించినట్టుంది. చీటీ మీద తన పేరు, ఇంటిపేరుతో సహా, గుండ్రటి అక్షరాలతో రాసి ఇచ్చింది.

కామా మెట్ల మీద నిలబడి మేనేజరుకి ఫోను చేసింది. చార్టుని మార్చుకునే వీలు కల్పించాలని, లేకపోతే ప్రమాదమని చెప్పింది. పొడుగు డ్రైవరు సంగతి చెప్పింది.

“పనితీరులో మార్పులు పోయిన నెలే ఆపేశాం,” అన్నాడు మేనేజరు. “ఇప్పుడు మార్చాలంటే ముగ్గురి సంతకాలు కావాలి. ఒకాయన ఊళ్ళో లేడు.”

“మరి పేరు రేపటికల్లా మార్చమంటున్నారుగా సార్.”

“పేరుకి సంతకాలు అక్కర్లేదు. పేర్లు ఎన్ని కావాలంటే అన్ని మార్చుకో.”

ఆమె ఫోను జేబులో పెట్టుకుని కాసేపు అక్కడే నిలబడింది. కింద ఆవరణలో ఒక బస్సు వెనక్కి తిరుగుతోంది. ఒకతను దాని వెనక నిలబడి ‘రానీ, రానీ, ఆగు’ అని చేత్తో బస్సు ఒంటి మీద కొడుతున్నాడు. ఆమె అది పూర్తిగా వెనక్కి వచ్చి గోడకి జానెడు దూరంలో ఆగేదాకా చూసి, ఆఫీసుకి వెళ్ళింది.

సాయంత్రం ఐదింటికి పాత పేరు ఒక్కచోట కూడా లేకుండా పోయింది. కానీ ఆమె అక్కడితో ఆగలేదు. చార్టు పక్కన ‘లాక్’ అని ఒక బటను ఉంది. దాని పేరు చెరిపి ‘దిద్దు’ అని రాసింది. నొక్కితే గడి తెరుచుకోవాలి, మార్పు రాసుకోవాలి, ఎవరు ఎందుకు మార్చారో పక్కన నమోదవ్వాలి. దానికి కావలసిన నలభై లైన్లూ కూర్చుని రాసింది. తర్వాత మార్పుల పట్టీ నింపింది. మార్పు రకం: పేరు. చేసినవారు అన్నచోట మామూలుగా టీము పేరు రాసి వదిలేస్తారు. ఆమె తన పూర్తి పేరు రాసింది.

ఎవరు ఏం మార్చినా ఇంకొకరు చూసి సరేననాలి. ఆ రోజు చూడాల్సింది గడ్డం. అతను తెర మీద పేజీలు కిందకి జరుపుకుంటూ పోయి, ఒకచోట ఆగాడు.

“ఇది పేరు మార్పు కాదు.”

“బటను పేరు మారింది కదా.”

“పట్టుబడితే నీ పని అయిపోతుంది.”

“తెలుసు. ఆవిడ చెరిపినవి తప్పులని రాసింది నేనే.”

గడ్డం కుర్చీలో వెనక్కి వాలి గడ్డం సవరించుకున్నాడు. తర్వాత ముందుకి వంగి, చూసినవారు అన్నచోట తన పేరు కొట్టాడు. “ఆవిడకి చెప్పెయ్యనా, ఆ పేరు పెట్టింది నేనని?”

“చెప్పు.”

“ఏమంటుందంటావ్?”

“ఏమో.”

అతను రేపు వస్తానన్నాడు గానీ, మర్నాడు ప్రారంభానికి రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పెట్టాడు.

*

గురువారం హాల్లో కుర్చీలు వేశారు. తెర చుట్టూ రంగు కాగితాలు అంటించారు. ‘నిశ్చయ’ అన్న అక్షరాలు తెర నిండా మెరుస్తూ తిరుగుతున్నాయి. ప్రచారం ఆవిడ వాటిని మూడు వైపుల నుంచి ఫొటో తీసింది. పెద్దాఫీసరు లావుపాటి, నెమ్మదైన మనిషి. మేనేజరు చెప్పిందంతా వింటూ మధ్యమధ్యలో గడియారం చూసుకున్నాడు.

“ఇంతకు ముందు రోజుకి ముప్పై ఒక్క తప్పులు వచ్చేవి సార్. ఇప్పుడు సున్నా,” అన్నాడు మేనేజరు.

గోడకి ఆనుకుని నిలబడిన క్లర్కు మొహంలో ఏ మార్పూ లేదు. కామా మటుకు చెప్పులోపల కాలి వేళ్ళు బిగించింది.

“చార్టు వేసే ఆవిడ ఎవరు? ఆవిడ చేత్తో మొదలుపెట్టిద్దాం,” అన్నాడు పెద్దాఫీసరు.

ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుంది. చెయ్యి మౌసు మీద పెట్టి నొక్కింది. వచ్చే వారం చార్టు తెర మీద పరుచుకుంది. చప్పట్లు కొట్టారు. ఆవిడ లేవలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని పై వరస నుంచి చదవడం మొదలుపెట్టింది. చప్పట్లు ఆగిపోయినా చదువుతూనే ఉంది. ఫొటో తీసే ఆవిడ కెమెరా దించింది. పొడుగు డ్రైవరు వరస దగ్గర క్లర్కు వేలు ఆగింది.

“ఇది మార్చాలి.”

“తర్వాత చూద్దాంలే అమ్మా,” అన్నాడు డిపో మేనేజరు, వంగి చెవిలో.

“తర్వాత అంటే ఇది గోడకెక్కుతుంది.”

కామా వాళ్ళ మేనేజరు ముందుకొచ్చి నవ్వాడు. “ఒకసారి వచ్చాక మార్చడానికి వీల్లేదండీ. అదే దీని గొప్పతనం.”

క్లర్కు కుర్చీలోంచే వెనక్కి తిరిగి కామా వైపు చూసింది. హాల్లో అందరూ ఆ చూపు వెంటే చూశారు. కామా ఒక అడుగు ముందుకేసింది.

“మారుతుంది మేడమ్. పక్కన ‘దిద్దు’ అని ఉంది చూడండి. అది నొక్కి గడి మీద నొక్కండి.”

ఆవిడ నొక్కింది. గడి తెల్లబడింది. ఒక వేలితో, ఒక్కొక్క అంకె వెతుక్కుంటూ మధ్యాహ్నం డ్యూటీ నంబరు కొట్టింది. దానికి తగ్గట్టు కింద ఇంకో రెండు గడులు మార్చింది. ఎందుకు అని పక్కన పెట్టె అడిగితే, ‘ఇల్లు దూరం’ అని రాసింది. చార్టు ఒకసారి కదిలి సర్దుకుంది.

“మార్చలేరు అన్నారుగా?” అన్నాడు పెద్దాఫీసరు.

మేనేజరు మొహం ఒక్క క్షణం పాలిపోయింది. మరుక్షణం తేరుకున్నాడు. “అదే సార్ చెప్పబోతున్నా. పూర్తి నియంత్రణ మనుషుల చేతిలో ఉండేటట్టు కొత్తగా ఈ సౌకర్యం ఇచ్చాం.”

“బాగుంది. ఇదే బాగుంది,” అని పెద్దాఫీసరు లేచాడు. పేరు గురించి ఒక్క మాట అనలేదు.

బయట కారు కదిలాక మేనేజరు కామాని ఒక పక్కకి పిలిచాడు. “ఎవరినడిగి చేశావ్?”

“బటను పేరు మార్చాను సార్. పేరుతో పాటు పని కూడా మారింది.”

“వేళాకోళమా?”

“కాదు.”

“రేపు మెమో అందుకుంటావు. రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకో.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “ఆ సౌకర్యం గురించి ఒక పేజీ రాసి పంపు. ప్రచారంలో వెయ్యాలి.”

*

శుక్రవారం పొద్దున మెమో వచ్చింది. మూడు రోజుల్లో జవాబివ్వాలి. అప్పటిదాకా ఆ పని మీద ఆమె చెయ్యి పెట్టకూడదు. డిపోలో ఉన్న తన ల్యాప్‌టాపూ తీగలూ వెనక్కి తెచ్చుకోవడానికి మాత్రం వెళ్ళొచ్చు.

ఆమె వెళ్ళేసరికి మధ్యాహ్నం డ్యూటీ వాళ్ళు చేరుతున్నారు. కొత్త చార్టు గోడకి అంటించి ఉంది. దాని ముందు నలుగురైదుగురు మెడలు సాచి తమ వరసలు వెతుక్కుంటున్నారు. తెర మీద మెరిసే అక్షరాల జోలికి ఎవరూ పోలేదు. కామా మూల బల్ల కింద వంగి తీగలు చుట్టుకుంటూ ఉంది.

“కొండ రూటు ఒక్కసారే పడింది,” అన్నాడొకడు.

“నాది కూడా బానే ఉంది.”

పొట్టి డ్రైవరు అలవాటు ప్రకారం అడుగు లైను దాకా చదివి, మొహం చిట్లించాడు. తయారుచేసినవారు అని ఉన్నచోట ఉన్న పేరుని, ఇంటిపేరుతో సహా, నెమ్మదిగా కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

“ఎవరీవిడ?”

“ఏమో. హెడ్డాఫీసు నించి కొత్తగా వేశారేమో.”

“మరి మన ఆవిడని తీసేశారా?” ఆ మాటతో మిగతావాళ్ళు కూడా దగ్గరికి జరిగారు. “ఈ కొత్తావిడకి ఏం తెలుస్తాయి మన సంగతులు? నేనసలు ఇవాళ ఆవిడకి ఒక మాట చెప్పుకోవాలని వచ్చాను.”

“తీసేసుంటారు. సోమవారం గోడ మీద వేశారుగా, ఆపేయమని.”

ఎవరూ నవ్వలేదు. పొట్టి డ్రైవరు టోపీ తీసి చేతిలో నలుపుకుంటూ కిటికీ వైపు అనుమానంగా చూశాడు. కిటికీ రెక్క మూసి ఉంది. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. రెక్క పక్కకి జరిగి, కళ్ళజోడు, దాని వెనక ఆ మొహం కనపడ్డాయి.

“నేనే,” అంది. “ఏం కావాలో చెప్పు.”